రాజమోహన్ సారు రాసిన పెద్ద మాట

ఆ రోజు శీనయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడు గంటల బస్సెక్కి ఆత్మకూరు వెళ్లాలి. చేతిపనివాళ్లకు కార్డులిచ్చే ఆఫీసులో రాజమోహన్ సారు రాసిచ్చిన కాగితం ఇవ్వాలి. రెండు గంటల బస్సుకు ఉదయగిరి తిరిగొచ్చి అన్నం తినాలి. ఇంతకు మించి అందులో ఏమీ లేదు కాబట్టి తప్పు జరగడానికి చోటు కూడా లేదనుకున్నాడు. చోటు లేని బస్సులో కూడా మనిషి ఎక్కడో ఒకచోట ఇరుక్కుంటాడు గదా, కష్టమూ అంతే.

శీనయ్యకు అరవై దాటాయి. నర్ది చెక్కతో చెంచాలు, గరిటెలు చెయ్యడం వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు. చెంచాలు చేసేవాళ్లు ఉదయగిరిలో ఇంకా చాలామందే ఉన్నారు. కానీ చెంచా కాడ మీద చింతాకు తీగ చెక్కడం ఆయనొక్కడికే వచ్చు. పెసరగింజంత ఆకులు, అటు పన్నెండు, ఇటు పన్నెండు, ఒకదాన్నొకటి తాకకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి పాకుతాయి. నెల్లూరు నుంచి వచ్చిన బేరగాళ్లు వాటిని వేలితో తడిమి చూసి, మిషను మీద చేశారా అని అడిగేవాళ్లు. వాళ్లు మెచ్చుకోలుగానే అడిగేవాళ్లు గానీ శీనయ్యకు అంతకు మించిన తిట్టు లేదు.

అలాంటి చెయ్యి పోయినేడు వేసవి నుంచి వణుకుతోంది. బాడిశతో చెక్కను మోటుగా చెక్కడం వరకు ఫరవాలేదు. సన్న ఉలి పట్టుకున్నప్పుడే బొటనవేలూ చూపుడువేలూ మాట వినడం మానేశాయి. పద్నాలుగు నెలలుగా ఆయన ఒక్క తీగ కూడా చెక్కలేదు. అడిగినవాళ్లకు "ఇప్పుడు నున్నటియ్యే ఫ్యాషను" అని చెప్పాడు. ఫ్యాషనంటే జనం ఎదురు మాట్లాడరని ఆయనకు అప్పుడే తెలిసింది. భార్య మస్తానమ్మకు మాత్రం సంగతి తెలుసు. ఆమె టీ గ్లాసులో సగమే పోస్తుంది. ఎందుకని ఆయన అడగలేదు, ఇందుకని ఆమె చెప్పలేదు.

ఇంతలో ఊళ్లో షెడ్డు లేచింది. ఆడపిల్లలకు చెక్కపని నేర్పడానికి ప్రభుత్వం వాళ్లు వేయించిన షెడ్డు అది. కార్డు ఉన్న పనివాణ్ణే దానికి మాస్టరుగా పెడతారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి శీనయ్యకు మనసు నిలవలేదు. చేతులు పదిమంది పిల్లలవి, చెప్పే నోరు తనది. తన చెయ్యి పూర్తిగా చచ్చేలోగా ఆ చింతాకు తీగను ఇంకో పది చేతుల్లో పెట్టి పోవచ్చు. కొడుకు జయపాల్ మర్రిపాడు దారిలో లారీ నడుపుతాడు. వాడు చెంచా పట్టుకునేది పాయసం ఉన్నరోజే. కాబట్టి తీగ బతకాలంటే షెడ్డు కావాలి, షెడ్డు కావాలంటే కార్డు కావాలి. కార్డుకు చదువుకున్న పెద్దమనిషి ఎవరైనా ఒక కాగితం రాసిస్తే చాలని తెలిసింది. పని చేసి చూపించమని మాత్రం ఎవరూ అనకూడదని శీనయ్య మూడు ఆదివారాలు చర్చిలో విడిగా ప్రార్థన చేసుకున్నాడు.

చదువుకున్న పెద్దమనిషంటే ఉదయగిరిలో రాజమోహన్ గారే. ముప్పయ్యారేళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టరు. చర్చిలో శీనయ్య కూర్చునే బెంచీకి పక్క బెంచీ ఆయనది. కొందరికి పావురాలంటే ఎంత ఇష్టమో ఆయనకు ఇంగ్లీషు మాటలంటే అంత ఇష్టం. పెంచుతారు, సమయం చూసి ఎగరేస్తారు. ముందురోజు సాయంత్రం కాగితం ఇస్తూ మొత్తం గట్టిగా చదివి వినిపించారు. మధ్యలో ఒకచోట ఆగి, శీనయ్య చేతుల వైపు చూసి నవ్వారు.

"ఈ మాట ఉండాదే శీనయ్యా, ఇంతవరకు ఎవురికీ రాయలేదు నేను. నీ చేతుల్ని చూసే రాసినాను" అన్నారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు శీనయ్య రెండు చేతులూ తువాలు కిందికి లాక్కున్నాడు. సారుకు ఎట్లా తెలిసింది? చర్చిలో ప్రభువు బల్ల రోజున ద్రాక్షరసం చిన్న గ్లాసు తీసుకునేటప్పుడు చూసి ఉంటారా? ఆ మాటకు అర్థం అడిగితే తేలిపోయేది. కానీ ఉదయగిరిలో రాజమోహన్ గారిని అర్థం అడిగే అలవాటు ఎవరికీ లేదు. అడిగితే "ముందు నువ్వేమనుకుంటుండావో చెప్పు" అంటారు. తనంతట తానూ చెప్పరు. తెలుగులో చెబితే మాట పదును పోతుందని ఆయన నమ్మకం. శీనయ్య దణ్ణం పెట్టి కాగితం తెచ్చుకున్నాడు గానీ అనుమానం తెల్లారేదాకా వదల్లేదు.

"సారే రాసినాడంటే పని అయిపోయినట్టే గదా. మొకం అట్టా పెట్టుకోనుండావేంది?" అంది మస్తానమ్మ, పొద్దున టీ ఇస్తూ.

"సారు అబద్ధం రాయడు మే. అదే నా బయ్యం."

"మంచి మాట రాసుంటాడులే. పొయ్యిరా. బస్సు పోతాది."

బస్సులో ఆయన పక్కన అంకారావు కూర్చున్నాడు. వింజమూరు నుంచి ఉదయగిరికి ఇల్లరికం వచ్చిన మనిషి. ఇంటర్ రెండుసార్లు తప్పాడు. చెయ్యడానికి పెద్దగా పనేమీ లేదు కాబట్టి ఇతరుల పనులన్నీ తనవే అనుకుంటాడు. ఆత్మకూరుకు ఎందుకు పోతున్నాడంటే అతనే చెప్పలేడు. శీనయ్య జేబులోంచి కవరు కనబడగానే చెయ్యి చాపాడు.

"ఇటియ్యి మామా, ఏం రాసినాడో చూస్తా."

శీనయ్యకు ఇవ్వబుద్ధి కాలేదు. కానీ ఆ మాట సంగతి ఇక్కడే తేలిపోతే ఆఫీసులో గుండె ఆగకుండా ఉంటుంది గదా అనిపించి ఇచ్చాడు. అంకారావు పెదాలు కదుపుతూ చదివాడు. అందులో చేతులు అన్న మాట అతనికి తెలుసు. నలభై ఏళ్లు అన్నది తెలుసు. ఊరంతా ఎరిగినదే అన్నదీ ఎలాగో కూడబలుక్కున్నాడు. మధ్యలో ఉన్న పెద్ద మాట ఒక్కటే తెలియదు. తెలియదని చెప్పడం అతని వంశంలో లేదు. చేతుల్లో నలభై ఏళ్లుగా ఉండి, ఊరంతా ఎరిగినది జబ్బు కాక ఇంకేమవుతుంది?

"ఎన్నాళ్ల నుంచి ఉండాది మామా నీకిది?" అన్నాడు గొంతు తగ్గించి.

శీనయ్య చేతులు మళ్లీ తువాలు కిందికి పోయాయి. "ఏది?"

"అదే, చేతులకు. నలభై ఏళ్ల నుంచీ అని రాసినాడు సారు."

"నలభై ఏళ్లా?" శీనయ్యకు భయం పోయి కోపం వచ్చింది. "పోయినేడు ఎండాకాలం నుంచే గదా అబ్బయా. సారు మరీ పెంచి రాసినాడు."

పద్నాలుగు నెలలు దాచిన సంగతి అంత తేలిగ్గా నోట్లోంచి దూకింది. ఒకసారి దూకాక బస్సులో ఆగుతుందా? ముందు సీట్లో ఉన్న ఆదిశేషమ్మ అనే ముసలామె మెడ తిప్పి, చేతులు చూపించమంది. శీనయ్య చూపించాడు. బస్సు కుదుపు, చేతి కుదుపు కలిసి రెట్టింపు కనబడ్డాయి.

"ముష్టి గింజలు నూరి పట్టీ వెయ్యన్నా" అంది ఆమె. "మా తోడికోడలికి ఇట్టాగే ఉండె. ఆరు నెలలు ఏసింది."

"తగ్గిందామ్మా?"

"యాడ తగ్గింది, ఆమే పాయె."

ఆ తర్వాత ఆత్మకూరు వచ్చేదాకా శీనయ్య కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. రాజమోహన్ గారి మీద ఆయనకు పుట్టిన కోపం అంతా ఇంతా కాదు. ముప్పయ్యేళ్లుగా పక్క బెంచీలో కూర్చున్న మనిషి, మొహం మీద ఒక్క మాట అడగకుండా, తనకు చదవడం రాని భాషలో తన చేతి గుట్టు రాసి, దాన్ని తన చేతే మోయిస్తున్నాడు. కాగితం చింపి బయట పారేద్దామా అనుకున్నాడు. కానీ షెడ్డు గుర్తొచ్చింది. చెయ్యి బాగాలేదు గానీ నేర్పడానికి పనికొస్తాడు అని చివర్లో రాసి ఉంటారేమో. సారు అంత పాపిష్టి మనిషి కాదు. ఆ ఆశతోనే బస్సు దిగాడు.

అంకారావు కూడా వెంట దిగి ఆఫీసు దాకా వచ్చాడు. అక్కడ గుమాస్తా పెంచలప్రసాద్ కాగితం కింద సంతకం చూడగానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. అతను రాజమోహన్ గారి దగ్గర మూడేళ్లు చదువుకున్నాడు. సోమవారం సోమవారం అర్థాలు అప్పజెప్పలేక బెంచీ ఎక్కి నిలబడ్డ జ్ఞాపకం మోకాళ్లలో ఇంకా ఉంది. కాగితం చదివాడు. పెద్ద మాట దగ్గర ఆగాడు. మళ్లీ మొదట్నుంచీ చదివి మళ్లీ అక్కడే ఆగాడు. డిక్షనరీ ఒకటి ఆఫీసులో ఉంది గానీ అది ఆఫీసరమ్మ బల్ల మీద ఉంది. వెళ్లి అడిగితే ఏ మాట కోసమో చెప్పాలి. పద్దెనిమిదేళ్ల సర్వీసులో అంత పని ఎప్పుడూ చెయ్యలేదు.

కాగితం మీది నుంచి తన చేతుల మీదికి, చేతుల మీది నుంచి కాగితం మీదికి తిరుగుతున్న ఆ చూపును శీనయ్య చూశాడు. ఉన్న కాస్త ఆశా అక్కడే చల్లబడింది.

"చేతుల జబ్బు గదా సార్, అందుకని ఆలోచిస్తుండారు" అన్నాడు అంకారావు, పెద్దమనిషి తరహాలో.

పెంచలప్రసాద్‌కు ప్రాణం లేచొచ్చింది. "నాకు తెలుసులేవయ్యా, చదివినాను గదా" అని, శీనయ్య వైపు తిరిగాడు. "నిజమేనా పెద్దాయనా?"

"నిజమే సార్. కానీ నలభై ఏళ్లు కాదు. పద్నాలుగు నెలలే. ఆ ఒక్కటీ సరిచెయ్యండి."

ఆ బల్ల చుట్టూ ముగ్గురున్నారు. ముగ్గురికీ ఆ మాట తెలియదు. అయినా దాని అర్థం మీద వాళ్లకు ఒక్క తేడా కూడా రాలేదు.

"జబ్బు సంగతి కాగితంలో పడినాక డాక్టరు సర్టిఫికెట్టు లేకుండా ఫైలు పైకి పోదు" అన్నాడు పెంచలప్రసాద్. "ఆస్పత్రికి చీటీ రాసిస్తా. చూపించుకోని రా. ఈ కాగితం ఇక్కడే ఉండనీ."

"పని చేసి చూపించాల్నా సార్?" అని అడిగాడు శీనయ్య. అడగలేక అడిగాడు.

"చూపించేదేం లేదు. కాగితాలు ఉంటే చాలు."

ఆ మాటకు శీనయ్య కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. పెంచలప్రసాద్ చీటీ రాసి, ఆస్పత్రికి దారి కూడా చెప్పాడు. ఆ సంవత్సరం మొత్తంలో అతను అడక్కుండా చేసిన సాయం అదొక్కటే. అంకారావు హోటల్లో పూరీలు అయిపోతాయని దారిలో విడిపోయాడు. చెయ్యవలసిన నష్టం చేశాక అతనికి ఆకలి వేసింది.

ఆస్పత్రిలో డాక్టరు ఏంజెలిన్ చిన్నపిల్ల. చదువు ముగించి వచ్చి ఏడాది కూడా కాలేదు. చీటీ చదివి, చేతులు చాపమంది. గ్లాసుతో నీళ్లిచ్చి తాగమంది. చొక్కా గుండీ విప్పి మళ్లీ పెట్టుకోమంది. విప్పడం సులువుగానే అయింది, పెట్టుకునేలోగా మాత్రం బయట వరసలో ఉన్నవాళ్లు రెండుసార్లు తొంగి చూశారు. చివరికి ఒక తెల్లకాగితం, పెన్సిలు ఇచ్చింది.

"ఏదైనా ఒక గీత గియ్యండి పెద్దాయనా. మీ ఇష్టం."

నలభై ఏళ్లుగా చెక్క మీద గీసిన చెయ్యి అది. ఇష్టమైన గీత అనగానే తనంతట తానే తీగ మొదలుపెట్టింది. ఒక ఆకు, రెండో ఆకు, మూడోది వెళ్లి రెండోదాని మీద పడింది. నాలుగోది ఆకులా లేదు. శీనయ్య పెన్సిలు కింద పెట్టి, కాగితాన్ని అరచేత్తో మూశాడు.

"ఏంటిది?" అంది ఆమె.

"ఏం లేదమ్మా. పాత అలవాటు" అన్నాడు. ఆయనకు ఏడుపొచ్చింది. ఎవరి ఎదుటా ఏడవని మనిషి, మనవరాలి వయసు పిల్ల ముందు తువాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆమె చూడనట్టు తల దించుకుని రాసుకుంది.

"దీన్ని ఇంగ్లీషులో ఏమంటారమ్మా?" అని కాసేపటికి అడిగాడు.

"ట్రెమర్ అంటాం."

"అది కాదమ్మా. సారు రాసిన మాట ఇంకా పొడుగ్గా ఉండాది."

"పొడుగు పేర్లు కూడా ఉంటాయిలెండి" అంది ఆమె ఓదార్పుగా. "సర్టిఫికెట్టు దేనికి మీకు?"

"కార్డుకమ్మా. అది వస్తే ఈ చేతులు ఇట్టా ఉన్నా ఒక దారి దొరుకుతాది."

వికలాంగులకు ఇచ్చే కార్డు గురించి చెబుతున్నాడనుకుంది ఏంజెలిన్. అటువంటి ముసలివాళ్లను ఆఫీసుల వాళ్లు జబ్బు చాల్లేదని తిప్పి పంపడం ఆమె ఈ ఏడాదిలో చాలా చూసింది. ఈయన్ను మాత్రం తిప్పకూడదని మనసులో గట్టిగా అనుకుని, సన్నపనే కాదు, ఆ చేతులతో ఏ పనీ చెయ్యలేరు, ఇక మీదటా చెయ్యలేరు అని నాలుగు వరసలు నిండుగా రాసి, ముద్ర వేసి, మాత్రలు కూడా ఇచ్చింది. పొద్దుట్నుంచి శీనయ్యకు ఎదురైనవాళ్లలో నిజంగా దయ చూపినది ఆమె ఒక్కతే. ఎక్కువ దెబ్బ తీసిందీ ఆ దయే.

శీనయ్య తిరిగి ఆఫీసుకు వచ్చేసరికి రెండు గంటల బస్సు వెళ్లిపోయింది. పెంచలప్రసాద్ రెండు కాగితాలనూ గుండుసూదితో కలిపి గుచ్చి, పుస్తకంలో ఎక్కించి, నంబరు వేసి లోపలికి పంపాడు. పావుగంటకు ఆఫీసరమ్మ ఇద్దర్నీ పిలిచింది. సుజన అనే ఆ ఆఫీసరు నెల్లూరు నుంచి వచ్చి రెండు నెలలైంది. రెండు కాగితాలనూ పక్కపక్కన పరిచి పెట్టుకుంది.

"ఈ రెండింట్లో ఏది నిజం పెద్దాయనా?"

"రెండూ నిజమేనమ్మా."

"రెండూ ఎట్లా నిజమవుతాయి?"

"సారు ఒక్క మాటలో రాసినాడు, డాక్టరమ్మ నాలుగు వరసల్లో రాసింది. సంగతి ఒకటే గదమ్మా. ఏళ్లు మాత్రం సారు తప్పు రాసినాడు. నలభై కాదు, పద్నాలుగు నెలలు."

సుజన ఆయన మొహంలోకి కాసేపు చూసింది. వెటకారం చేస్తున్నాడేమో అనుకుంది. కాదని తెలిశాక రాజమోహన్ గారి కాగితాన్ని చేతిలోకి తీసుకుని, ఒక్కో వాక్యమూ తెలుగులో చెప్పింది.

"'ఉదయగిరి శీనయ్య చేతుల్లో నలభై ఏళ్లుగా ఉన్న డెక్స్‌టెరిటీ ఊరంతా ఎరిగినదే. ఇంతటిది నేను మరే మనిషి చేతుల్లోనూ చూడలేదు.' ఇదీ మీ సారు రాసింది. డెక్స్‌టెరిటీ అంటే చేతినేర్పు. వేళ్లలో ఉండే పనితనం."

పెంచలప్రసాద్ గోడ మీది క్యాలెండరులో పండగలు వెతుకుతున్నాడు.

"జబ్బు కాదా అమ్మా?" అన్నాడు శీనయ్య.

"కాదు."

"నా చెయ్యి సంగతి సారుకు తెలీదా?"

"ఇందులో అయితే ఆ ఊసే లేదు. మీరు చెప్పేదాకా ఎవరికీ తెలియదు" అని, ఆమె గుమాస్తా వైపు తిరిగింది. "డాక్టరు దగ్గరికి ఎవరు పంపారు ఈయన్ను?"

"కాగితంలో ఉన్నదాన్ని బట్టి, రూలు ప్రకారం మేడమ్..."

"కాగితంలో ఏముంది?"

పెంచలప్రసాద్‌కు బెంచీ ఎక్కి నిలబడాలనిపించింది.

"పొద్దున ఈ ఒక్క కాగితమూ నా బల్ల మీదికి వచ్చుంటే అప్పుడే సంతకం పెట్టేదాన్ని" అంది సుజన శీనయ్యతో. ఆమె గొంతులో విసుగు లేదు, బాధే ఉంది. "మేం కాగితాలే చూస్తాం పెద్దాయనా. చేతులు చూసే ఏర్పాటు ఈ ఆఫీసులో లేదు."

శీనయ్య బల్ల దగ్గరికి జరిగాడు. అంతదూరం వచ్చాక ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు గనక, వణికే చెయ్యిని బల్ల మీద పెట్టే మాట్లాడాడు.

"చెయ్యి పోయినా నోరుండాది తల్లీ. ఆ షెడ్డులో పదిమంది బిడ్డల్ని నా ముందర కూర్చోబెట్టండి. ఆకు యాడ మొదలుపెట్టాలో, ఉలి ఎంత వంచాలో నేను చెప్తా, వాళ్లు చేస్తారు. మా నాయనా నాకు అట్టాగే చెప్పినాడు. జీతం ఈకపోయినా సరే. అది నాతో పోకూడదమ్మా, అంతే."

సుజన డాక్టరు కాగితాన్ని పట్టుకుని చాలాసేపు చూసింది. దాన్ని విడదీసి పక్కన పెట్టాలని ఆమెకు ఉంది. గుండుసూది మీద వేలు కూడా పెట్టింది. కానీ దాని మీద నంబరు పడింది. పుస్తకంలో ఎక్కింది. ఎక్కిన కాగితం మాయమైతే రేపు ఎవరైనా అడుగుతారు.

"ఏ పనీ చెయ్యలేరని ఇందులో ఉంది. ఇది ఫైల్లో ఉండగా మీకు కార్డు ఇవ్వలేను. షెడ్డుకు అసలే పెట్టలేను. నన్ను క్షమించండి" అంది.

ఆఫీసరు నోటి నుంచి క్షమించమన్న మాట వినడం శీనయ్యకు అదే మొదటిసారి. దణ్ణం పెట్టి బయటికి వచ్చాడు. వెనకాలే పెంచలప్రసాద్ గుమ్మం దాకా వచ్చి "సారుకు చెప్పబాకండి పెద్దాయనా" అన్నాడు. శీనయ్య తలూపాడు.

నాలుగు గంటల బస్సులో ఆయనకు కిటికీ సీటు దొరికింది. కార్డు పోయిందన్న దిగులు పక్కన పెడితే, ఇంకొకటి లోపల కోస్తూ ఉంది. పొద్దున ఇదే దారిలో రాజమోహన్ గారిని ఎన్ని మాటలన్నాడు మనసులో. ద్రోహి అన్నాడు. చేతులు బాగున్నవాడికి పరాయి చేతుల బాధేం తెలుసు అన్నాడు. ఆ మనిషి తన చేతుల కోసం ఎన్నాళ్లు వెతికి పెట్టుకున్నాడో, ఎవరికీ ఇవ్వని మాట ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఇంగ్లీషు రానందుకు శీనయ్య ఎప్పుడూ సిగ్గుపడలేదు. ఆ రోజు తన అనుమానానికి సిగ్గుపడ్డాడు. ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. సారు ఒక్కమాట చెప్పి ఉన్నా సరిపోయేది.

ఇంటికి వచ్చేసరికి రాజమోహన్ గారు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నారు. మూడింటి నుంచీ అక్కడే ఉన్నారట.

"ఏమయింది శీనయ్యా? మాట పనిచేసిందా?"

శీనయ్య మస్తానమ్మ వైపు చూశాడు. ఆ చూపుకే ఆమెకు అంతా తెలిసిపోయింది. చాటలో బియ్యం తీసుకుని లోపలికి వెళ్లింది. ఉన్నది ఉన్నట్టు చెప్పేద్దామని శీనయ్య నోటి దాకా వచ్చింది. చెబితే ఈ ముసలాయన ఇంటికెళ్లి ఏం చేస్తాడు? తను రాసిన మాటే స్నేహితుడి కొంప ముంచిందని తెలిస్తే మళ్లీ కలం పట్టుకుంటాడా? ఒక చెయ్యి పోయింది చాలు, రెండోది ఎందుకనిపించింది.

"బాగా పనిచేసింది సార్. ఆఫీసంతా చదివినారు."

"అర్థం తెలిసిందా వాళ్లకు?"

"మొదట తెలీలా. సాయంత్రానికి అందరికీ తెలిసింది."

రాజమోహన్ గారు తొడ చరుచుకుని నవ్వారు. "ఆ పెంచలప్రసాద్ గాడు ఏమన్నాడు? వాడికి అర్థాలంటే చిన్నప్పట్నుంచీ బయ్యం."

"మిమ్మల్ని తలుచుకున్నాడు సార్."

"కార్డు ఎప్పుడిస్తారంట?"

"పోస్టులో వస్తాదంట" అని, శీనయ్య మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. "సార్, ఆ మాట ఒక్కసారి తెలుగులో చెప్పండి."

ముందు నువ్వేమనుకుంటున్నావో చెప్పమంటారనుకున్నాడు. ఆయన అనలేదు. సంతోషంగా ఉన్నారు గనక వెంటనే చెప్పారు. "చేతినేర్పు శీనయ్యా. వేళ్ల పనితనం. తెలుగులో అంత బరువు రాదులే."

"అది నాకుండాదనే రాసినారా?"

"నీకు కాక ఎవురికుండాది ఈ ఊళ్లో?"

నలభై ఏళ్ల పనికి, ఆ పని ఎరిగిన మనిషి నోటి నుంచి ఆ మాట తెలుగులో వినడం అదే మొదలు.

"తెలుగులో రాసుంటే నేనూ చదువుకోనుందును సార్" అన్నాడు.

"తెలుగులో రాస్తే ఆఫీసులో ఎవురు చూస్తారయ్యా?"

"అదీ నిజమే."

రాజమోహన్ గారు లేచి, పట్నం పద్ధతిలో శీనయ్య కుడిచేతిని పట్టుకుని ఊపారు. ఊపడం ఆపాక కూడా ఆ చెయ్యి ఊగుతూనే ఉంది. సారు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చూసినావా మస్తానమ్మా, సంతోషానికి మీ ఆయన చెయ్యి ఎట్టా వణుకుతుండాదో" అని ఇంట్లోకి కేకేశారు.

లోపల చాట చప్పుడు ఆగింది.

"అవును సార్" అన్నాడు శీనయ్య.

మాట పనిచేసిందన్న సంగతి రెండు రోజుల్లో ఊరంతా పాకింది. ఆ నెలలోనే రాజమోహన్ గారు దాన్ని మరో ఐదుగురికి రాసిచ్చారు. పెంచలప్రసాద్ ఈసారి ఎక్కడా ఆగకుండా చదివాడు. ఐదుగురికీ కార్డులొచ్చాయి, వాళ్లలో ఇద్దరికి ఉలి పట్టడం కూడా వచ్చు.